అంతర్వేది దారిలో

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూశారు. గోదావరి పాయలు దాటి అలసివచ్చే బాటసారులకు కులంతో, వేళతో నిమిత్తం లేకుండా ఆమె ఇంట విస్తరి పడేది.

ఒకమారు ఆమె అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఒక పెళ్ళివారి బృందం తారసిల్లింది. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దలు, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారని ఓదారుస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె వెనుదిరిగి, వారికంటె ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు.

ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవానికి పిలుపు వచ్చినప్పుడు మాత్రం ఆమె కదలలేదంటారు. ఆ పూట వచ్చిన అతిథికి వడ్డించేదెవరు?

వైనతేయ నదిపై అక్విడక్టుకు ఆమె పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టారు. వంతెనకంటె పిల్లల పళ్ళెం దగ్గరే అది చక్కగా అమరిందని నా అభిప్రాయం.