దిగంబర కవులు - వారి పాఠకులు

దిగంబర కవులు వెలువరించినవి మూడే సంపుటములు. మొదటిది 1965 మే నెలలో హైదరాబాదున, రెండవది 1966 డిసెంబరులో విజయవాడలో, మూడవది 1968 సెప్టెంబరులో విశాఖపట్టణమున వెలువడినవి. అటుపిమ్మట ఆ ఆరుగురును ఎవరి త్రోవ వారు పట్టినారు. లెక్కించి చూచిన, ఆ ఉద్యమమునకు నాలుగేండ్ల ఆయువైనను లేదు. అయినను తెలుగు వచనకవితను గూర్చి నలుగురు విద్యార్థులు కూర్చుండి వాదులాడుకొను చోట నేటికిని ఆ పేరు రాక తప్పదు. కొందరు మెచ్చుకొనుటకు ఎత్తుదురు, కొందరు చీదరించుకొనుటకు. ఆ కవులు చేసిన పని మంచిదా, చెడ్డదా అను చర్చ అరువది యేండ్లుగా సాగుచునే యున్నది. వారిని చదివినవారు ఆ చదువుతో ఏమి చేసినారు అను ప్రశ్న మాత్రము అంతగా వినవచ్చుట లేదు. విచారింపదగినది అదియే.

నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న - ఇవి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావు. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయినాడు. వీరవెల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖి అయినాడు. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయినాడు. తెలుగుదేశములో పేరు చెప్పగనే కులము తెలియును. ఆ తోకను కోసివేయుట వారి మొదటి కవిత్వము అనినను తప్పులేదు. తమకొక ప్రత్యేక శకమును కల్పించుకొని, సంవత్సరమునకు, ఋతువులకు, వారములకు సైతము క్రొత్త పేర్లు పెట్టుకొన్నారు. తమ కవితలను "దిక్" లని పిలుచుకొన్నారు. తొలి సంపుటమును అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుని చేత, రెండవ దానిని ఒక హోటలు కార్మికుని చేత, మూడవ దానిని సంఘము తన వాకిటికి వెలుపలనే నిలిపిన ఒక స్త్రీ చేత ఆవిష్కరింపజేసినారు. శాలువలు, పన్నీరు, అధ్యక్షోపన్యాసములు లేని పుస్తకావిష్కరణ అప్పటికి తెలుగువారు ఎరుగనిది.

ఇందు ప్రదర్శనబుద్ధి లేదని ఎవరును అనరు. కాని పదేండ్ల తరువాత ఇంగ్లండులో జరిగిన సంగతి ఒకటి ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చును. 1976లో లండనున "పంక్" అను సంగీతధోరణి తలయెత్తినది. అందు పేరుమోసిన "సెక్స్ పిస్టల్స్" అను బృందమునకు పాటకుడు జాన్ లైడన్ అను యువకుడు. అతని మారుపేరు జానీ రాటెన్. అనగా కుళ్ళిన జానీ! ఆ బృందము ఒకే యొక సంపూర్ణ గీతసంపుటమును విడుదల చేసి, 1978 జనవరిలో విచ్ఛిన్నమైనది. వారు 1976 జూన్ 4వ తేదీన మాంచెస్టరులో పాడినప్పుడు వినవచ్చినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో నుండియే తరువాతి కాలమున "జాయ్ డివిజన్", "ది స్మిత్స్" వంటి బృందములు పుట్టినవి. వారెవరును సెక్స్ పిస్టల్స్ వలె పాడలేదు. "వీరికి సాధ్యమైనది మాకేల సాధ్యము కాదు?" అను ధైర్యమును మాత్రమే అచ్చటినుండి ఇంటికి కొనిపోయినారు. సంగీతశాస్త్రము రానివాడు వాద్యము చేపట్టుట అచ్చట ఎట్టిదో, ఛందస్సును, ప్రబంధమర్యాదను ప్రక్కకు నెట్టి కలము పట్టుట ఇచ్చట అట్టిది.

దిగంబర కవిత్వమునకు హైదరాబాదు జన్మస్థానమైనను, దాని వేళ్లు కొన్ని తెనాలి నేలలో కలవు. నగ్నముని పుట్టిన ఊరు తెనాలి. ఇది యాదృచ్ఛికము కావచ్చును. కాని తెనాలి చరిత్ర తెలిసినవారికి అంత యాదృచ్ఛికముగా తోచదు. పురాణములను నిలదీసిన త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమము కట్టుకొన్నది ఆ ఊరిలోనే. చలము బాల్యము గడచినది అచ్చటనే. కొడవటిగంటి కుటుంబరావు 1909లో జన్మించినది అచ్చటనే. వీరందరికంటె ఈ ప్రసంగమునకు దగ్గరివాడు మరియొకడున్నాడు. అతడు నటరాజన్, కలము పేరు శారద. తమిళ కుటుంబములో పుట్టి, చిన్ననాడే తెనాలి చేరి, హోటళ్లలో పని చేయుచు తెలుగు నేర్చుకొని, నవలలు వ్రాసి, 1955లో చిన్న వయసుననే కన్నుమూసినాడు. హోటలు కార్మికుడు దిగంబర కవుల సంపుటమును ఆవిష్కరించుట 1966లో కొందరికి వింతగా తోచియుండవచ్చును. హోటలు కార్మికుడు పుస్తకము ఆవిష్కరించుట యేమి, పుస్తకము వ్రాయుటయే తెనాలి అంతకు పదేండ్ల ముందే చూచినది.

తెనాలినుండి ఒక రైలుదారి బాపట్ల మీదుగా మద్రాసు వైపు పోవును. వేరొకటి రేపల్లెలో ఆగిపోవును. 2022లో జిల్లాలను విభజించినప్పుడు బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలోను, తెనాలి గుంటూరు జిల్లాలోను పడినవి. అయినను ఈ మూడూళ్ల చదువరుల లోకము ఒక్కటియే. ప్రథమాంధ్ర మహాసభ 1913లో బాపట్లలో జరిగినది. భాషపేర ఒక జాతి ఎట్లు ఏకము కావలెనో పెద్దలు ఆనాడు అచ్చట ఆలోచించినారు. ఏబది యేండ్లు దాటిన పిమ్మట అదే భాషలో వచ్చిన కవిత్వము ఆ పెద్దరికమునే నిలదీసినది. ఇట్టి పుస్తకము ఊరికొక్క ప్రతి చేరినను చాలును. దానిని అటకమీద దాచినవారును ఉందురు, నోటుబుక్కులో ఎత్తి వ్రాసుకొన్నవారును ఉందురు. తండ్రి కంటబడకుండ చదివినంత శ్రద్ధగా పాఠ్యపుస్తకమును ఏ విద్యార్థియు చదువడు గదా!

అట్లు చదివినవారు రెండు త్రోవలు పట్టినారు. మొదటి తెగవారు తిట్టును పట్టుకొన్నారు. పేరు మార్చి, జుట్టు పెంచి, సంఘమును నాలుగు బూతులు తిట్టిన కవిత్వమగునని నమ్మినారు. వీరి వ్రాతలు నేడు వెదకినను దొరకవు; దొరకలేదని విచారించువారును లేరు. ఏ అభిమానసంఘమునకైనను ఈ ప్రమాదము కలదు. మూలపురుషుని కంఠధ్వనిని అనుకరించుట సులభము, అతనిని అరపించిన బాధను అనుభవించుట కష్టము. రెండవ తెగవారు ప్రశ్నను పట్టుకొన్నారు. 1970లో వరంగల్లు నుండి "తిరగబడు" సంకలనము వచ్చినది. అదే సంవత్సరము జూలై 4వ తేదీన విప్లవ రచయితల సంఘము ఏర్పడినది. ఆరుగురు దిగంబరులలో నలుగురు అందు చేరినారు. భైరవయ్య, మహాస్వప్న చేరలేదు. ఏకకంఠముగా అరచినవారు ఏకమార్గమున నడువవలెనను నియమము లేదు.

ఇంతవరకు మెప్పు. అనవలసినది ఇంకొకటి కలదు. వ్యవస్థను తిట్టుటకు దిగంబర కవులు తరచు స్త్రీ దేహమునే ఉపమానముగా తెచ్చుకొన్నారు. నగరమును, నాగరకతను, రాజకీయమును అవమానింపదలచినప్పుడెల్ల వారికి చేతికందినది వేశ్య అను మాటయే. పీడితుల పక్షము వహించితిమన్న కవులు, పీడితులలో కెల్ల పీడితురాలిని తిట్టుగా మార్చుట న్యాయము కాదు. మూడవ సంపుటమును ఒక స్త్రీ చేతిలో పెట్టినంత మాత్రమున లోపలి పుటలలోని ఆ దోషము తొలగిపోదు. దీనికి ఉత్తరము విమర్శకులు వ్రాసినదానికంటె, తరువాతి కవులు వ్రాసినదే బలమైనది. 1993లో "నీలిమేఘాలు" వచ్చినది. స్త్రీలు తమ దేహమును గూర్చి తామే మాట్లాడినారు. 1995లో "చిక్కనవుతున్న పాట" వచ్చినది. దళితులు తమ ఆగ్రహమును ఇతరులకు అప్పగింపక తామే పలికినారు. వీరిని దిగంబరుల శిష్యులనుట ఒప్పదు. వీరి మూలములు వేరు. కాని సభ్యత పేర నోరు నొక్కు అలవాటును అంతకు పాతికేండ్ల ముందే ఎవరో ధిక్కరించియుండుట వారి దారిని కొంత సుగమము చేసినది. ధిక్కరించినవారినే తిరిగి ప్రశ్నించుట ఆ దారిలో తరువాతి అడుగు.

దిగంబరులలో ఆ ఆగ్రహము పరిపక్వమైన తీరు చూడగోరువారు నగ్నముని "కొయ్యగుర్రం" చదువవలెను. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుఫాను, ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినవి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే మృతులు పదివేలకు చేరినారు. దివిసీమ అనగా రేపల్లెవారికి దూరదేశము కాదు. కృష్ణ దాటిన అదియే. బాపట్ల, నిజాంపట్నము తీరములును ఆ రాత్రిని అనుభవించినవి. ఆ మరణములపై నగ్నముని వ్రాసిన దీర్ఘకవిత అది. తొలి సంపుటములలోని తిట్టు అందు అణగినది. దాని స్థానమున దుఃఖము, దుఃఖము వెనుక నేరారోపణము నిలిచినవి. సముద్రము చంపినది కొంత, మనుష్యుల నిర్లక్ష్యము చంపినది కొంత అని లెక్క తేల్చుటకు కవికి కేకతో పని లేకపోయినది. పదేండ్ల ముందు అరచియుండనివాడు ఈ మాటను ఇంత నెమ్మదిగా చెప్పగలిగియుండునా అనునది సందేహమే.

ఉపాధ్యాయులకు ఈ చరిత్రతో వేరొక బంధుత్వము కలదు. చెరబండరాజు హైదరాబాదులో పాఠశాల ఉపాధ్యాయుడు, తెలుగు బోధించినవాడు. నిఖిలేశ్వర్ కూడ ఉపాధ్యాయ వృత్తిలో నుండినవాడే. 1971లో వీరిరువురును జ్వాలాముఖియు నిర్బంధచట్టము క్రింద చెరసాలకు పోయినారు. చెరబండరాజు ఆ తరువాత కుట్రకేసులో ముద్దాయియై, ఉద్యోగము పోగొట్టుకొని, నలుబది యేండ్లు నిండకుండగనే 1982లో వ్యాధితో మరణించినాడు. నిఖిలేశ్వర్‌కు 2020 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. రెండును ఒకే ఉద్యమపు ఫలితములే. పురస్కారము సంగతి పాఠములో చెప్పి, చెరసాల సంగతి విడిచిపెట్టుట మాత్రము సత్యము కాదు.

దిగంబర కవులను తరగతిలో చెప్పవచ్చునా అని తెలుగు పండితులు నేటికిని జంకుదురు. జంకుటకు కారణము లేకపోలేదు. మొదటి సంపుటమును యథాతథముగా పదవ తరగతి బల్లమీద పెట్టుమని ఎవరును అనరు. బాపట్ల, రేపల్లె పాఠశాలలలో నేడు కూర్చున్న పిల్లలలో ఉప్పెననాటి రాత్రిని తాతల నోట, అవ్వల నోట విన్నవారు ఉండకపోరు. అచ్చట ఆరంభింపవలసినది 1965 నుండి కాదు, "కొయ్యగుర్రం" నుండి. అది విన్న పిల్లవాడు ఈ కవి మొదట ఏమి వ్రాసినాడని తానే అడుగును. అడిగిన నాడు మూడు సంపుటములతోబాటు "నీలిమేఘాలు" కూడ వాని చేతికి అందీయవలెను.