కంప్యూటర్ కబుర్లు: తాతయ్య చెవికి తెలుగు
కనియంబాడి, గుడియాత్తం వైపు మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ బడిలో నేర్చింది తమిళ లిపి. మరి చూపు తగ్గిన తాతయ్యకు తెలుగులో వచ్చింది ఎవరు చదివి పెట్టాలి?

ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని 2006లో మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. విండోస్ కంప్యూటర్లో దీన్ని ఎక్కించి, ఇన్సర్ట్, కంట్రోల్, వి కలిపి నొక్కి, ఈ-స్పీక్‌లో తెలుగు గొంతును ఎంచుకోండి.

ఆ పైన మౌసుతో పనిలేదు. ఈ మీటలు చాలు:

ఇన్సర్ట్, కింది బాణం: ఆగకుండా చదువుతుంది.
కంట్రోల్: చదవడం ఆపేస్తుంది.
షిఫ్ట్: కాసేపు ఆగుతుంది, మళ్ళీ నొక్కితే అక్కడి నుంచే సాగుతుంది.
ఇన్సర్ట్, టి: తెరిచి ఉన్న కిటికీ పేరు చెబుతుంది.
హెచ్: వెబ్ పేజీలో తరువాతి శీర్షికకు వెళుతుంది.
ఇన్సర్ట్, 1: ఏ మీట నొక్కినా దాని పేరు, పని చెబుతుంది. మళ్ళీ ఇదే నొక్కితే మామూలవుతుంది. సాధనకు ఇదే మంచిది.

ఒక్క మాట. ఫొటో తీసిన పేజీలను ఇది నేరుగా చదవలేదు. యూనికోడ్‌లో టైపు చేసినవే చదువుతుంది. తాతయ్యకు ఉత్తరం పంపేవారు దయచేసి టైపు చేసి పంపండి.

పిల్లలూ, మీకు తెలుగు అక్షరాలు రాకపోయినా ఫరవాలేదు. ఈ సెలవుల్లో తాతయ్య వేళ్ళకు ఈ మీటలు నేర్పండి.