పక్కన కూర్చునేదెవరు?



వేసవి సెలవులు ముగియవస్తున్నాయి. బిడ్డను ఏ పాఠశాలలో చేర్పించాలన్న చర్చ ఇప్పుడు ఎన్నో ఇళ్లలో సాగుతూ ఉంటుంది. హైదరాబాదు పాతబస్తీలో కాపురముంటున్న మా పెద్దమ్మాయి కూడా మొన్న ఫోను చేసి ఇదే ప్రశ్న వేసింది. ఆమె కూతురు ఈ ఏడు ఒకటో తరగతిలో చేరాలి.

"అబ్బా! మా గల్లీలోనే మనవాళ్లు నడిపే బడి ఒకటుంది. అక్కడ అందరూ మన పిల్లలే. ఖుర్ఆన్, అరబీ కూడా చెబుతారు. మూసీకి అవతల ఇంకొక బడి ఉంది. అక్కడ అన్ని మతాల పిల్లలూ ఉంటారు. లెక్కలు, సైన్సు బాగా చెబుతారని పేరు. గల్లీ బడిలో వేస్తే బిడ్డ ప్రాణానికీ నిశ్చింత, ఈమానుకూ నిశ్చింత. ఏటి అవతలికి పంపాలంటే నాకు గుండె ఒప్పడం లేదు. మీరేమంటారు?"

ముప్పయ్యేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసిన నేను ఆ పూట ఆమెకు సమాధానం చెప్పలేకపోయాను. "వారం రోజులు ఆగమ్మా, ఆలోచించి చెబుతాను" అన్నాను. ఆ వారం రోజుల ఆలోచననే ఈ నెల మీ ముందుంచుతున్నాను.

మా సోమందేపల్లెలో ఈ ప్రశ్న ఇంత పదునుగా ఎదురు కాదు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గాని, నేల మాత్రం పాత అనంతపురం కరువు నేలే. ఇక్కడ మగ్గం నేసేవాడి కొడుకు, వేరుశనగ వేసే రైతు కూతురు, పంక్చర్లు వేసే మన సోదరుని బిడ్డ ఒకే గదిలో కూర్చుంటారు. మధ్యాహ్న భోజనానికి ఒకే వరుసలో నిలబడతారు. వాన మొహం చాటేసిన సంవత్సరం మనం ఈద్గాలో నమాజె ఇస్తిస్ఖా చేస్తే, వారు తమ దేవాలయంలో పూజలు చేస్తారు. అందరం ఎదురుచూసేది ఒకే మబ్బు కోసం. మా మధ్య పొరపొచ్చాలు లేవని నేననను. ఉన్నాయి. అయితే కొట్లాడుకున్నవారు కూడా ఒకరి పేరు ఒకరికి తెలిసినవారే.

మహానగరంలో పరిస్థితి వేరు. హైదరాబాదు మొదటినుండీ ఇలా విడిపోయి లేదు. 1591లో చార్మినారు వెలసిన నాటినుండి ఆ నగరంలో అన్ని మతాలవారూ కలిసి బతికారు. తరువాతి కాలపు అల్లర్లే మనుషులను గల్లీలవారీగా విడదీశాయి. 1990 డిసెంబరు అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. అటువంటి ప్రతి దుర్ఘటన తరువాత తాము తక్కువ సంఖ్యలో ఉన్న వీధిని వదిలి, తమవారు ఎక్కువగా ఉన్న వీధికి చేరిన కుటుంబాలు ఇరుమతాల్లోనూ ఉన్నాయి. ఇల్లు మారితే బడి మారుతుంది. బడి ఉన్న పేటలో ఒకే మతంవారు మిగిలితే ఆ బడిలోనూ ఒకే మతం పిల్లలు మిగులుతారు. దీనికి ఎవరూ ప్రత్యేకంగా ఆదేశాలు జారీ చేయనక్కరలేదు. అందుకే, ముస్లింలు తమ బిడ్డలను కావాలని వేరుగా పెంచుతున్నారనే మాట న్యాయమైనది కాదు. మా అల్లుడు అద్దె ఇంటి కోసం నగరంలో తిరిగినప్పుడు, పేరు వినగానే "ఇల్లు ఖాళీ లేదు" అన్నవారు ఎందరో! ఇల్లు దొరికిన చోటే కదా బడి వెతుక్కోవాలి.

మన పిల్లలంతా మదరసాలకే పోతారన్న ప్రచారం కూడా నిజం కాదు. బడికి వెళ్లే ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేవారు నూటికి నలుగురికి మించరని 2006లో సచార్ కమిటీ తేల్చిచెప్పింది. మిగిలిన వారందరూ ప్రభుత్వ బడుల్లోనో ప్రైవేటు బడుల్లోనో ఉన్నారు. కాబట్టి మనం ఆలోచించవలసిన అసలు విషయం మదరసా గురించి కాదు. ఆ మామూలు బడిలో మన బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటున్నారన్నదే అసలు విషయం.

ఇక్కడ మన చరిత్రను కూడా నిజాయితీగా చూడాలి. 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మనకు గర్వకారణం. అయితే 1938లో అదే విశ్వవిద్యాలయపు వసతిగృహాల్లో హిందూ విద్యార్థులు తమ ప్రార్థనలో వందేమాతరం పాడుకోవడాన్ని అధికారులు నిషేధించారు. లొంగని విద్యార్థులను బహిష్కరించారు. వారిలో అనేకులు నాగపూరుకు వెళ్లి చదువు కొనసాగించారు. తరువాతి కాలంలో దేశ ప్రధాని అయిన పి.వి.నరసింహారావు కూడా ఆ బహిష్కృతుల్లో ఒకరు. ఆ గీతం విషయంలో మన అభ్యంతరం మనకుండవచ్చు. కానీ వారి ప్రార్థన వారిని చేసుకోనివ్వకుండా చదువుకు దూరం చేయడం ఏ న్యాయం?

ఎనభై ఏళ్లు గడిచాయి. మా ఊరినుండి కర్ణాటక సరిహద్దు గంట ప్రయాణం కూడా ఉండదు. ఆ రాష్ట్రంలోని ఉడుపిలో, తలపై వస్త్రం ధరించారన్న కారణంతో మన ఆడబిడ్డలను తరగతి బయటే నిలబెట్టారు. 2022 ఫిబ్రవరి 5న అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టు దానిని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు భిన్నమైన తీర్పులు ఇచ్చారు. తీర్పుల సంగతి అలా ఉంచితే, పరీక్షల కాలంలో గేటు బయట పుస్తకాలు పట్టుకొని నిలుచున్న ఆ బిడ్డల ముఖాలు మనం మరువలేము. 1938లో నాగపూరు రైలెక్కిన ఆ కుర్రవాడి బాధ తెలిసినవారికి ఈ బిడ్డ బాధ కూడా తెలియాలి. ఈ బిడ్డ కోసం కన్నీరు పెట్టిన మనం ఆ కుర్రవాడి బాధను కూడా ఒప్పుకోవాలి. అధికారం ఎవరిదైతే బడి వారిదే అనుకున్నప్పుడల్లా నష్టపోయింది పిల్లలే.

విడివిడి బడుల మార్గం చివరికి ఎక్కడికి చేరుతుందో చూడాలంటే బెల్‌ఫాస్టు నగరాన్ని చూడాలి. ఐర్లండు ఉత్తర భాగంలోని ఆ నగరంలో క్రైస్తవులే క్యాథలిక్కులుగా, ప్రొటెస్టెంట్లుగా చీలి దశాబ్దాలపాటు రక్తం చిందించుకున్నారు. 1969 నుండి వీధికీ వీధికీ మధ్య గోడలు లేచాయి. పిల్లల బడులు అంతకుముందునుండే వేరు. ఒక మతశాఖ పిల్లవాడు రెండవ శాఖ పిల్లవాడితో ఒక్క మాటైనా మాట్లాడకుండా పెరిగి పెద్దవాడయ్యే స్థితి అది. అల్లర్లు ముమ్మరంగా సాగుతున్న 1981లో కొందరు తల్లిదండ్రులు ధైర్యం చేసి లేగన్ కాలేజీ అనే ఉమ్మడి పాఠశాలను ప్రారంభించారు. తొలి ఏడు చేరినది 28 మంది పిల్లలే. నేడు అటువంటి పాఠశాలలు అనేకం ఉన్నా, అక్కడి పిల్లల్లో వాటిలో చదివేవారు ఇప్పటికీ పదో వంతు కూడా లేరు. విడిపోవడం సులభం, తిరిగి కలవడానికి తరాలు పడుతుంది.

అంత దూరం ఎందుకు? నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఉర్దూ చదివే పిల్లలనందరినీ ఒకే సెక్షనులో వేయాలని నిర్ణయించాము. టైంటేబులు సులువవుతుందన్నదే కారణం. ఎవరి మనసులోనూ చెడు లేదు. జాబితా రాసినవాడిని నేనే. మొదటి ఏడు ఏమీ కనబడలేదు. రెండో ఏడు ఆటల పోటీలకు జట్లు కట్టమంటే, పిల్లలు చెప్పకుండానే సెక్షనులవారీగా నిలబడ్డారు. మూడో ఏడు ఒక చిన్న తగాదా జరిగింది. పెన్ను పోయిన తగాదా. అయితే ఆ పిల్లలు ఒకరినొకరు పేర్లతో తిట్టుకోలేదు, మతాలతో తిట్టుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి సంవత్సరం ఉర్దూ పీరియడుకు మాత్రమే పిల్లలు వేరే గదికి వెళ్లేలా, మిగిలిన పాఠాలన్నీ కలిసి వినేలా మార్చాము. టైంటేబులు కష్టమైంది, పిల్లలు బాగుపడ్డారు. ఉర్దూ కూడా పోలేదు.

సోదర సోదరీమణులారా! మన ధర్మం ఈ విషయంలో ఏమి చెబుతోంది? దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా, మానవులను జాతులుగా, తెగలుగా చేసిన ఉద్దేశం వారు పరస్పరం పరిచయం చేసుకోవడమేనని తెలుపుతోంది. పరిచయం అనేది దూరంనుండి జరిగే పని కాదు. పక్కన కూర్చుంటేనే జరుగుతుంది. ఇక బద్ర్ యుద్ధానంతర ఘట్టం మీకు తెలిసినదే. పరిహారం చెల్లించలేని మక్కా ఖైదీల్లో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పి విముక్తి పొందేలా దైవప్రవక్త ముహమ్మద్ (స) అవకాశమిచ్చారు. ఆ గురువులు విశ్వాసులు కారు. అంతకు కొద్ది రోజుల ముందు కత్తి పట్టి ఎదుట నిలిచినవారు. అయినా వారి వద్ద అక్షరాలు నేర్చుకుంటే బిడ్డల ఈమాను కరిగిపోతుందని ఆయన (స) భయపడలేదు. ఎందుకంటే ఆ బిడ్డలు సాయంత్రం చేరుకునే ఇళ్లు ఈమానుతో నిండి ఉండేవి.

మనం మరచిపోతున్నది సరిగ్గా దీనినే. దీన్ నేర్పే బాధ్యతను బడి మీద వేసి మనం చేతులు దులుపుకుంటున్నాము. ఇంట్లో తండ్రి ఫజ్ర్ నమాజుకు లేవడు, తల్లి చేతిలో సెల్‌ఫోను దిగదు, కానీ బిడ్డకు దీన్ రావాలంటే అందరూ మనవాళ్లే ఉండే బడి కావాలంటాము! తర్బియత్ ఇంటి పని. సాయంత్రం మక్తబ్ దానికి తోడు. బడిని మాత్రం చదువు చూసి, భద్రత చూసి, బిడ్డ గౌరవం చూసి ఎంచుకోవాలి.

ఈ సందర్భంలో ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన హక్కులు కొన్ని ఉన్నాయి. మన రాజ్యాంగంలోని 28వ అధికరణ ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన జరగరాదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థల్లో కూడా, సంరక్షకుల అంగీకారం లేకుండా మైనరు బిడ్డను మతబోధనలోగాని ఆరాధనలోగాని పాల్గొనమని బలవంతం చేయరాదు. 29వ అధికరణ ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే సంస్థ మతం కారణంగా ప్రవేశం నిరాకరించరాదు. 30వ అధికరణ మైనారిటీలు తమ విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కునిచ్చింది. ఈ హక్కు విలువైనది, దీనిని వదులుకోమని నేనెన్నడూ చెప్పను. కానీ మన సంస్థ తలుపు ఇతరులకు కూడా తెరిచి ఉంచితే ఆ హక్కుకు వన్నె పెరుగుతుందే గాని తరగదు. తెలంగాణలో 2016 నుండి ఏర్పడిన మైనారిటీ గురుకులాల్లో ఇతర వర్గాల పిల్లలకు కూడా కొంత వాటా సీట్లు కేటాయించడం మంచి మార్గం.

వారం గడిచాక మా అమ్మాయికి ఫోను చేశాను. ఫలానా బడిలో వేయమని చెప్పలేదు. "రెండు చోట్లకూ నువ్వే స్వయంగా వెళ్లమ్మా. మూడు ప్రశ్నలు అడుగు. లెక్కలు, సైన్సు చెప్పే ఉపాధ్యాయులు ఎంతకాలంగా ఉంటున్నారు? రేపు పాప పెద్దదై తలపై వస్త్రం ధరిస్తే మీరేమంటారు? నగరంలో ఏదైనా గొడవ జరిగితే పిల్లలను ఇల్లు చేర్చేదెవరు? ఈ మూడింటికీ నిలకడైన జవాబు ఇచ్చినవారి దగ్గర చేర్చు. ఒకవేళ గల్లీ బడిలోనే చేర్చవలసి వస్తే, మన కానివారితో పరిచయం కలిగించే బాధ్యత నీదేనని మరువకు. ఏటి అవతలి బడిలో చేర్చితే, మగ్‌రిబ్ తరువాత ఖుర్ఆన్ చదివించే బాధ్యత నీదీ, అల్లుడిగారిదీ" అన్నాను.

ఆమె వెళ్లి అడిగింది. గల్లీ బడివారు మంచివారే, కానీ లెక్కల ఉపాధ్యాయుడు ఏడాదికొకరు మారుతున్నారట. ఏటి అవతలి బడి ప్రధానోపాధ్యాయురాలు మూడో ప్రశ్న విని కొంతసేపు మౌనంగా ఉండి, "చివరి బిడ్డ ఇల్లు చేరేదాకా నేను బడి వదిలి వెళ్లనమ్మా" అన్నదట. పాపను అక్కడే చేర్చారు. మా అమ్మాయికి భయం పూర్తిగా పోలేదు. నాకూ పోలేదు. ప్రతి ఉదయం ఆ బస్సు మూసీ వంతెన దాటే వేళకు ఇక్కడ సోమందేపల్లెలో నా పెదవులు దుఆ చేస్తూనే ఉంటాయి.

మొన్న పాప ఫోనులో తన పక్కన కూర్చునే అమ్మాయి గురించి చెప్పింది. ఆ పిల్ల "నువ్వు ఆ రోజు అన్నం ఎందుకు తినలేదు?" అని అడిగిందట. "రోజా అంటే ఏమిటో చెప్పాను నానా. తను కూడా వాళ్ల అమ్మమ్మ ఉపవాసం ఉంటుందని చెప్పింది" అన్నది. పరిచయం అంటే ఇదే. ఇద్దరు ఆరేళ్ల పిల్లలు ఒక బల్ల మీద కూర్చుని చేసిన పని అది.

ఈ నెల మీరు మీ బిడ్డను బడిలో చేర్చి ఇంటికి వచ్చాక, ఫీజు ఎంత, యూనిఫాం ఎక్కడ అన్న మాటలతోపాటు ఒక ప్రశ్న కూడా వేసుకోండి: నా బిడ్డ పక్కన కూర్చునేదెవరు? ఆ బిడ్డ ఇంటివారితో మనకు పరిచయం ఉందా? లేకుంటే వచ్చే ఈద్ నాడు సేమియా గిన్నె ఎవరింటికి పంపాలో మీకు తెలిసినట్టే.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దృఢమైన విశ్వాసాన్ని, మంచి పొరుగును ప్రసాదించుగాక! ఆమీన్.