మైదానం అవామ్‌ది, తాళంచెవి ఎవరిది?

మీ బస్తీలో పిల్లలకు ఆటస్థలం ఉందా అని మున్సిపాలిటీ సాబ్‌ను అడగండి. ఉందనే అంటాడు. నిజమే, కాగితం మీద ఉంటుంది. గోడ ఉంటుంది, గేటు ఉంటుంది, గేటు మీద ప్రారంభోత్సవం చేసిన నాయకుడి పేరుతో రాయి కూడా ఉంటుంది. కానీ అసలు సవాల్ వేరే. ఆ గేటు తాళంచెవి ఎవరి జేబులో ఉంది? అసర్ నమాజ్ అయ్యాక మన పిల్లగాడు బంతి పట్టుకుని పోతే లోపలికి రానిస్తారా, గంటకు ఇంత కట్టి ఫోన్‌లో బుక్ చేసుకుని రమ్మంటారా?

1992లో రాజ్యాంగానికి 74వ సవరణ వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. నీళ్లు, రోడ్లు, చెత్తతో పాటు పార్కులు, తోటలు, ఆటస్థలాలు కూడా అందులో రాసి ఉన్నాయి. కాబట్టి మైదానం ఏ కార్పొరేటర్ మెహర్బానీ కాదు, అది కూడా నల్లా నీళ్లలాంటి పనే.

ఈ పనిని మున్సిపాలిటీలు మామూలుగా మూడు దారుల్లో నడిపిస్తాయి. ఒకటి, తన ఉద్యోగులతోనే నడపడం. రెండు, టెండర్ పిలిచి ఈత కొలనునో, షటిల్ కోర్టునో, జిమ్మునో కాంట్రాక్టరుకు లీజుకివ్వడం. మూడు, సొసైటీకో కమిటీకో అప్పగించడం. మొదటి దారిలో ఖరాబీలు నాకూ తెలుసు. జిమ్ముకు తాళం, మిషన్లకు తుప్పు, కొలనులో నీళ్లకు బదులు ఆకులు. జీతం మూడు నెలలకోసారి వచ్చే కోచ్ రోజూ ఎందుకొస్తాడు? కాబట్టి సర్కారీ అయితే చాలు జన్నత్ అని నేను అనడం లేదు. ప్రైవేటు మాటే వద్దనీ అనడం లేదు.

నా షికాయత్ టెండర్‌లో అడిగే సవాల్ మీద. లీజు వేలంలో మున్సిపాలిటీ అడిగేది ఒకటే: 'మాకు ఎవరు ఎక్కువ ఇస్తారు?' బస్తీ పిల్లలకు ఎవరు ఎక్కువ ఇస్తారని అడగదు. మిగతా తమాషా అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

చిన్న హిసాబ్ చేద్దాం. ఒకాయన ఏడాదికి 12 లక్షలకు పాడుకున్నాడనుకోండి. నెలకు లక్ష. వాచ్‌మన్, కరెంటు, కోచ్ జీతం, ఆయన లాభం అన్నీ కలిపి ఇంకో లక్ష. నెలకు రెండు లక్షలు రావాలంటే రోజుకు ఆరున్నర వేల పైనే రావాలి. ఎక్కడి నుంచి వస్తాయి? పొద్దున్నా సాయంత్రం, అంటే జనం ఆడుకోగలిగిన ఆ కొన్ని గంటల నుంచే. ఆ గంటలు డబ్బున్న టీములకు పోతాయి. బస్తీ పిల్లలకు మిగిలేది మిట్టమధ్యాహ్నం ఎండ. కాంట్రాక్టరు జాలిమ్ కానక్కర్లేదు, మంచి మనిషే కావచ్చు. పాడుకున్న డబ్బే ఆయనతో ఆ పని చేయిస్తుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. 'మీ వాళ్లు పంపించరు కదా, పర్దా కదా' అంటారు. పంపించేలా మీరేం పెట్టారు భాయ్? ఆడ కోచ్ లేదు. బట్టలు మార్చుకునే గదికి గడియ లేదు. లేడీస్ టైమ్ పెడితే పన్నెండింటికి పెడతారు, అప్పుడు పిల్లలు బడిలో ఉంటారు, అమ్మీలు వంటలో ఉంటారు. వారం రోజులు ఎవరూ రాకపోతే 'డిమాండ్ లేదు' అని తీసేస్తారు. తలుపు మూసి, ఎవరూ రావడం లేదని రిపోర్టు రాసినట్టుంది.

నిజామాబాద్ బేటీ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. ఆటో నడిపే అబ్బా కొడుకు మహమ్మద్ సిరాజ్ హైదరాబాద్ ఫస్ట్ లాన్సర్ ఈద్గా మైదానంలో ఆడి ఇండియా టీముకు పోయాడు. మిఠాయిలు పంచుకున్నాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ మైదానానికి ఆ రోజుల్లో గంటకింత అని రేటు ఉండి ఉంటే?

ఈ ఝగడా మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండ్‌లో థాచర్ సర్కార్ 1988లో టెండర్ల చట్టం తెచ్చింది. మరుసటేడు ఆటల కేంద్రాల నిర్వహణను కూడా అందులో కలిపింది. కౌన్సిల్ తన ఈత కొలను తనే నడపాలన్నా ప్రైవేటు వాళ్లతో పోటీపడి గెలవాలి. ఆ జబర్దస్తీ టెండర్ల చట్టాన్ని 1999లో ఇంకో చట్టంతో తీసేశారు. ఈ మధ్యలోనే, 1993లో, లండన్‌లోని గ్రీనిచ్‌లో కౌన్సిల్ దగ్గర డబ్బు తగ్గిపోతే అక్కడి ఉద్యోగులే సహకార సంఘంలాంటిది పెట్టుకుని సెంటర్లు నడపడం మొదలుపెట్టారు. మిగులు మళ్లీ సెంటర్లకే ఖర్చు. దాన్ని చూసి చాలా కౌన్సిళ్లు ట్రస్టులకు అప్పగించాయి, కొన్ని మళ్లీ తమ చేతుల్లోకే తీసుకున్నాయి. అక్కడా ఫీజుల గొడవలున్నాయి, కరెంటు, గ్యాస్ బిల్లులు పెరిగాక మూతబడ్డ కొలనులూ ఉన్నాయి. అయినా ఒక మాట మనం నేర్చుకోవాలి. అక్కడ కౌన్సిల్ చాలాచోట్ల నడిపేవాళ్లకు ఎదురు డబ్బిచ్చి, దానికి బదులు పిల్లలకు ఇంత తగ్గింపు, ఆడవాళ్లకు ఇన్ని గంటలు అని రాయించుకుంటుంది. అంటే ఖిద్మత్ కొంటుంది. మన దగ్గర మైదానం అమ్ముకుంటున్నారు.

'మున్సిపాలిటీ దగ్గర పైసలు లేవు' అంటారు. సరే, ఫీజు పెట్టండి. కానీ ఫీజు ఎంతో కౌన్సిల్ మీటింగులో తేలాలి, కాంట్రాక్టరు సెల్‌ఫోన్‌లో కాదు. వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ మాలిక్ కాడు, అమానత్ కాపాడేవాడని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మున్సిపాలిటీ కూడా అవామ్ జమీనుకు ముతవల్లీయే. హిసాబ్ చెప్పాల్సిందే.

మనం కూడా కొంచెం వినాలి. ఎలక్షన్లు వస్తే షాదీఖానా అడుగుతాం, బోరు అడుగుతాం, ఖబరస్తాన్‌కు గోడ అడుగుతాం. అవన్నీ కావాలి, కాదనను. కానీ మైదానం లీజు కాగితం చూపించమని ఏ కార్పొరేటర్‌నైనా అడిగామా? మగపిల్లల ఆట గురించి మాట్లాడే పెద్దలు ఆడపిల్లల మాట రాగానే ఎందుకు ఖామోష్ అయిపోతారు? కాంట్రాక్టరుకు పర్దా ఒక బహానా అయ్యిందంటే, దాన్ని ఆయన చేతికి అందించింది మన ఖామోషీయే.

అడగాల్సినవి ఐదే. ఫీజుకు పైహద్దు లీజులోనే రాయాలి. సాయంత్రం గంటల్లో సగం బస్తీ పిల్లలకు ఉచితంగా ఉండాలి. వారానికి కనీసం నాలుగు రోజులు ఆడవాళ్లకు పనికొచ్చే వేళలో, ఆడ కోచ్‌తో టైమ్ ఉండాలి. రేట్లు, టైములు తెలుగులో, ఉర్దూలో గేటు మీద రాయాలి. షరతు తప్పితే లీజు రద్దు కావాలి. మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది. ఈ షరతుల మీద నిగ్రానీ వాటికే ఇవ్వాలి.

ముందు లీజు కాగితం చేతికి రావాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. తెల్ల కాగితం మీద తెలుగులో దరఖాస్తు రాసి మున్సిపాలిటీ సమాచార అధికారికి ఇవ్వండి. లీజు కాపీ, ఫీజుల పట్టిక, ఏడాదికి ఎంత వస్తోంది, ఆడవాళ్లకు ఏ టైమ్ ఇచ్చారు, ఈ నాలుగు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. వ్యాపార రహస్యం అంటే ఒప్పుకోకండి, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయండి. ఒక్కరుగా వద్దు. మహల్లా నుంచి పదిమంది కలిసి వెళ్లండి, అందులో ఐదుగురు అమ్మీలు, ఆపాలు ఉండేలా చూడండి.