గుండె ప్యాకేజీ కన్నా ముందు బీపీ, బి12

కువైట్‌లోని ఫర్వానియాలో ఒక ప్రైవేటు క్లినిక్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మాది రాజంపేట. శుక్రవారం వచ్చిందంటే రాయచోటి, కోడూరు, కోనసీమ మనుషులే ఎక్కువ కనిపిస్తారు. ఈ మధ్య వాళ్ల చేతుల్లో బయట చేయించుకున్న ‘గుండె ప్యాకేజీ’ రిపోర్టులు ఎక్కువయ్యాయి. మొన్న ఒక డ్రైవరు తమ్ముడు హోమోసిస్టీన్ దగ్గర వేలు పెట్టి, “అన్నా, 15 దాటకూడదని రాసినారు, నాకు 22 ఉంది. గుండెపోటు వస్తాదంట కదన్నా?” అన్నాడు. రాత్రంతా నిద్రపోలేదట.

ఆ అంకెను నమ్మే ముందు శాంపిల్ ఎలా తీశారో అడగాలి. ట్యూబులో పడ్డాక కూడా ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను బయటికి వదులుతూనే ఉంటాయి. అందుకే ట్యూబును వెంటనే ఐసులో పెట్టి, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరుచేస్తాం. జూలై ఎండలో ఆ ట్యూబు కారులో మధ్యాహ్నం దాకా తిరిగితే, మనిషిలో లేనిది కూడా రిపోర్టులో కనిపిస్తుంది.

మాంసకృత్తుల్లోని మిథియోనిన్‌ను శరీరం వాడుకున్నాక మిగిలేదే హోమోసిస్టీన్. దాన్ని మళ్లీ మిథియోనిన్‌గా మార్చడానికి ఫోలిక్ యాసిడ్, బి12 రెండూ కావాలి. సిస్టీన్‌గా మార్చడానికి బి6 కావాలి. వీటిలో ఏది తగ్గినా, కిడ్నీలు దెబ్బతిన్నా అది రక్తంలో పేరుకుంటుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

పుట్టుకతోనే హోమోసిస్టీన్ విపరీతంగా ఉండే పిల్లల ధమనులు గట్టిపడటం చూసి, పెద్దల గుండెజబ్బుకూ ఇది కారణం కావచ్చని 1969లో కిల్మర్ మెక్‌కల్లీ రాశారు. తర్వాత ఎన్నో అధ్యయనాల్లో ఇది ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువని తేలింది. మరి విటమిన్లతో తగ్గిస్తే? 2006లో వచ్చిన హోప్‌-2, నార్విట్ ట్రయల్స్‌లో అంకె తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. పక్షవాతం విషయంలో కొంత ఆశ ఉంది. చైనాలో బీపీ ఉన్న 20 వేల మందికి పైగా పాల్గొన్న ట్రయల్‌లో, బీపీ మందుకు ఫోలిక్ యాసిడ్ కలిపి ఇస్తే తొలి పక్షవాతాలు తగ్గాయని 2015లో ప్రకటించారు.

అంకె తగ్గినా గుండెపోట్లు తగ్గలేదు కాబట్టే నెలకు 120 దీనార్ల జీతగాడికి ఈ టెస్టు అమ్మడం తప్పంటాను. ఆ తమ్ముణ్ని మా డాక్టరు దగ్గరికి పంపితే బీపీ 160/100 ఉంది. ప్యాకేజీలో బీపీ చూడనే లేదు! బి12 కూడా బాగా తక్కువ. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. ఊరి నుంచి ఎవరొచ్చినా లగేజీలో ఆరు నెలల మాత్రలు తెప్పించుకోవడం, డాక్టరు ముఖం చూడకుండా మింగడం ఇక్కడ చాలా రూముల్లో మామూలే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. పాదాలు తిమ్మిరెక్కితే షుగరే అనుకుని ఊరుకుంటారు. బి12 లోపమైతే నరాలు దెబ్బతింటూ పోతాయి. దాన్ని చూసుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే ఇంకా ప్రమాదం: రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి.

ఇది మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ల సమస్య మాత్రమే కాదు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 441 మంది మగవాళ్లను పరీక్షిస్తే 67 శాతం మందిలో బి12 తక్కువగా ఉంది. 2006లో అచ్చయిన లెక్క ఇది. గుడ్డు, పాలు, చేప రోజువారీ తిండిలో లేకపోతే బి12 ఎక్కడి నుంచి వస్తుంది? రూములో అన్నం, పప్పుచారు, కుబ్బూస్ రొట్టెతో నెట్టుకొచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను.

కువైట్‌లో మన తెలుగు సంఘాలు పెట్టే వైద్య శిబిరాల్లో హోమోసిస్టీన్ జోలికి పోవద్దు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడండి. సిగరెట్ తాగేవాళ్లతో కూర్చుని మాట్లాడండి. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు, పాదాలు తిమ్మిరెక్కుతున్నాయన్నవాళ్లకు బి12 చేయించండి. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లలో చాలామందికి శుక్రవారం కూడా సెలవు దొరకదు. వాళ్ల కోసం రాత్రి పూట శిబిరం పెడతామంటే రక్తం తీయడానికి నేనొస్తాను.