గిత్తకు గల లెక్క బిడ్డకు లేదా?

సంక్రాంతికి గుడివాడలో ఎడ్ల బండలాగుడు పందెములు చూచినవారికి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. పాలపండ్ల గిత్తలకొక బండ, రెండుపండ్లవానికి వేరొకటి, ఆరుపండ్ల జతలకు మరింత బరువైనది. పండ్లు చూడక ఏ జతను బరిలోనికి విడువరు. పాలపండ్ల గిత్తచేత ఆరుపండ్ల బండ లాగించెదనను రైతును చూచి ఊరు నవ్వును. ఆ రైతు కుమారుడే బందరునకు చదువ వచ్చి, వ్యాయామశాలలో చేరిన మొదటి వారముననే, మూడేండ్లుగా సాధన చేయుచున్న ప్రక్కవాని ఇనుమునెత్త జూచుచున్నాడు. వాని పండ్లు లెక్కించువారెవరు?

నడుము విరుగునని, ఎదుగుదల నిలుచునని భయపడి బిడ్డలను ఆ గడపయే త్రొక్కనీయని తండ్రులును కలరు. ఈ భయమునకాధారము లేదు. తెలిసినవాని పర్యవేక్షణలో, మితమైన బరువుతో సాధన చేసినచో బాలుర ఎదుగుదలకు భంగము కలుగదని వైద్యులు తేల్చియున్నారు. కండ పెరిగిన కొలది రక్తములోని చక్కెర అదుపునకు వచ్చును. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకల పటుత్వము నిలుచును. వారమునకు రెండు దినములైనను కండలకు పని చెప్పుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలందరికిని సలహానిచ్చినది. వరికోత యంత్రము వచ్చిన పిమ్మట అరుగు దిగని మన రైతుసోదరులు దీనిని తమకు చెప్పినట్లే యెంచవలెను.

"మా తాతలు బస్తాలు మోయలేదా?" యందురు. మోసిరి. కాని మోత వేరు, సాధన వేరు. మన సీమలో ధాన్యపు బస్తా 75 కిలోలు. పెద్దవాడైన పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. ముఠాకూలికి బరువు నెంచుకొను స్వేచ్ఛ లేదు, విశ్రాంతి లేదు. వాని మోకాళ్లను, వెన్నును చూచినవారు ఈ వాదము చేయరు. సాధకుడు మాత్రము తాళగలిగినంతనే ఎత్తి, మరునాడు ఆ కండకు విశ్రాంతినిచ్చి, కొద్దికొద్దిగా పెంచుకొనును. కండ త్వరగా బలియును. దానిని ఎముకకు బంధించు నరము అంత త్వరగా గట్టిపడదు. తొందరపడిన కుర్రవాడు దెబ్బతినునది ఇచ్చటనే. నడుము వంచి ఎత్తుటయు, ఊపిరి బిగబట్టుటయు తక్కిన కారణములు.

శ్రీకాకుళసీమ యాడుబిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గొనెను. ఆమె పండ్రెండేండ్ల ప్రాయముననే నీలంశెట్టి అప్పన్న చేతిక్రింద సాధన మొదలిడినదను సంగతిని మనవారు మరతురు. పతకము కనబడినట్లు గురువు కనబడడు.

నెలకు ఇంతయని రుసుము గొని, అద్దములు బిగించి, కుర్రవారిని వారి మానాన విడుచు శాలలు తాలింఖానాలు కావు. త్వరగా కండ వచ్చునని సూదిమందులు చేతికిచ్చువారిని గూర్చి మర్యాదగా వ్రాయుట మాకు చేతకాదు. ఆ మందులు గుండెను, కాలేయమును, పురుషత్వమును చెరచును. గిత్తను కొనుటకు నాలుగు సంతలు తిరుగు తండ్రి, కుమారుని చేర్చుటకు ముందొక సాయంకాలము ఆ శాలకు పోయి, నేర్పువాడెవడో, తాను ఎవరియొద్ద నేర్చెనో అడిగి రావలెను. అవనిగడ్డ, నాగాయలంకల పెద్దలు స్త్రీలకు ఒక పూట ప్రత్యేకింప జేయుటయు మరువరాదు.