ఘాట్ ఎక్కే బండికి ఫ్యాన్ ఒక్కటే చాలదు, వైరింగ్ కూడా సరిగ్గా ఉండాలి



పాడేరు ఘాట్, మారేడుమిల్లి ఘాట్ ఎక్కే టర్బో డీజిల్ బండ్లే మన ఊళ్లకు బస్సూ, అంబులెన్సూ. ఎక్కుడులో ఇంజన్ మీద భారం ఎక్కువ, వేగం తక్కువ. ఎదురుగాలి సరిపోదు. ఇంటర్‌కూలర్ ముందుంటే దాన్ని దాటొచ్చిన వేడిగాలే రేడియేటర్‌కి తగులుతుంది. అప్పుడిక ఫ్యానే దిక్కు.

అందుకే బయట ఫ్యాన్ వేయించేటప్పుడు ధర ఒక్కటే చూడొద్దంటాం మేము. రేడియేటర్ వెనకుండి గాలి లాగే రకం, ష్రౌడ్ ఉన్నది తీసుకోవాలి. ష్రౌడ్ లేకపోతే రెక్కల ఎదుట ఉన్న భాగానికే గాలి బాగా అందుతుంది.

వైరింగ్ ఇంకా ముఖ్యం. పెద్ద ఫ్యాన్ 20-30 ఆంపియర్లు లాగుతుంది, తిరగడం మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. దాన్ని డాష్‌బోర్డు స్విచ్‌కి నేరుగా కలిపితే స్విచ్ కాలిపోవచ్చు, వైరు కరగొచ్చు. 40 ఆంపియర్ల రిలే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, మందం వైరు, గట్టి ఎర్త్, థర్మో స్విచ్ ఉండాల్సిందే. ఫ్యూజు పోతే తీగ చుట్టి నడపడం మానాలి.

రిలేకి అయ్యేది కొన్ని వందలే. ఐటీఐ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ పని పక్కాగా నేర్చుకోండి. ఆ బండ్లలో కూర్చునేది మనవాళ్లే కదా.